వంగొద్దన్న పదిహేను రోజులు

మంచం కింద చీపురు ఆడిస్తుండగా ఆమె కుడికంట్లో మెరుపు మెరిసి నల్లటి నలుసులు రాలాయి. అయినా ఊడ్చడం ముగించే లేచింది, అలవాటు అలాంటిది మరి.

కంటి వెనక పొర చిరిగిందంది డాక్టరమ్మ. పెన్నులాంటి పరికరంతో బయటినుంచి చల్లదనం పెట్టి ఆ చోటు మంచులా గడ్డకట్టించింది. ఆ గాయం మానుతూ మచ్చ పడుతుందట, ఆ మచ్చే పొరను అతికిస్తుందట. అది గట్టిపడేదాకా, పదిహేను రోజులు, వంగొద్దు, బరువులెత్తొద్దు. పొర ఊడితే చూపు పోతుంది.

వంగకుండా ఉంటే గానీ తెలియలేదు, ఇంట్లో తన పనంతా నడుం కిందే ఉందని. తడిగుడ్డ, బట్టల బకెట్టు, మొగుడి బూట్లు. "మహారాణిగారు తల దించరు కాబోలు," అని నవ్వాడాయన. కంటికి మంచు పెట్టించుకోవడం తామెరుగుదుమా అని అత్తగారు రోజుకు మూడుసార్లు సాగదీసింది.

మూడోరోజు ఆ కన్ను మూస్తే చీకట్లో తెల్లటి మరక కనిపించింది. ఐదోరోజుకి దానికి వీపు వచ్చింది. ఎవరో ఆడమనిషి, వంగి ఊడుస్తోంది. ఇంట్లో ఎవరు కేకేసినా ఇంకాస్త వంగేది. ఆమెకు భయమేసేది. చెప్పుకుందామంటే వినేదెవరు గనక!

తొమ్మిదోరోజు అత్తగారి మందుసీసా మూత మంచం కిందికి దొర్లింది. "ఒక్కసారి వంగితే కొంపలేం మునిగిపోవే," అంది అత్తగారు. ఆమె నడుం దానంతటదే వంగింది. అలవాటుగా కళ్ళు మూసుకుంది. లోపలి మనిషి మెల్లగా ఇటు తిరిగింది. అది తన మొహమే. కుడికన్ను మాత్రం మంచుగడ్డలా తెల్లగా ఉంది, చూపు లేదు.

ఆమె గోడ పట్టుకుని నిటారుగా లేచింది. మీరు తీయండి అంది గుమ్మంలో ఉన్న మొగుడితో. ఆయన గొణుక్కుంటూ వంగాడు.

పదిహేనోరోజు డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, పొర బాగా అతుక్కుంది, ఇక మామూలుగా వంగొచ్చు అంది. ఆయన అప్పుడు బయట ఫోన్లో ఉన్నాడు. గోడమీది అక్షరాలన్నీ ఆమెకు స్పష్టంగా కనిపించాయి. కంటి కొసన ఆ మనిషీ కనిపించింది. ఇంకా వంగే ఉంది, చీపురు ఆమెకేసి చాచి.

బయటికి రాగానే ఆయన ఫోను జేబులో పెట్టుకుని, ఏమందని అడిగాడు.

ఆమె ఆ కొసవైపు చూడలేదు.

"ఇక జన్మలో వంగొద్దంది," అని చెప్పింది.