ఎరుపూ ఆకుపచ్చా తెలుస్తాయా?

వసంతకుమార్‌కు పద్దెనిమిదేళ్ళు నిండిన వారంలోనే వాళ్ళ నాయన బాలసుబ్రమణియన్ అతణ్ణి తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక డ్రైవింగ్ స్కూలుకు తీసుకెళ్ళాడు. 1997 సంవత్సరం. ఇంట్లో జీపు ఉంది గానీ నడిపే మనిషి లేడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న మిల్లు మేనేజరు దగ్గర కొన్న పాత జీపు అది. పెట్టుకున్న డ్రైవరు తిరుప్పూర్‌లో పని దొరికిందని మానేశాడు. బాలసుబ్రమణియన్‌కు స్టీరింగ్ అంటే భయం. ఒక్కసారి కూర్చుని, తుమ్మకంప కంచెలోకి పోనిచ్చి, దిగి, మళ్ళీ ఆ సీటు వైపు చూడలేదు. వాళ్ళది నల్లరేగడి ఊరు. మిరపా, పత్తీ టౌనుకు చేరాలంటే బండి కావాలి.

డ్రైవింగ్ స్కూలు ఇసక్కిముత్తుది. వాళ్ళ ఇంట్లో తెలుగే అయినా, బయట అందరితో మాట్లాడినట్టే అతనితోనూ తమిళంలోనే మాట్లాడారు. వసంత్ అక్క ఉష కూడా వచ్చింది. పక్క వీధిలోనే ఆమె టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్. క్లాసుకు ఇంకా టైముందని ఓ మూల బెంచీ మీద కూర్చుంది.

"రేషన్ కార్డు నకలు, స్కూలు టీసీ, ఫోటోలు, డాక్టరు సర్టిఫికేట్. ముందు ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు వస్తుంది. బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు కట్టి, పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని నెల రోజులు నేర్చుకోవాలి. ఆ తర్వాతే పరీక్ష," అన్నాడు ఇసక్కిముత్తు.

వసంత్‌కు ఏదైనా వింటే ఊరకే ఉండటం చేతకాదు. "పోయిన వారం నాకు రాని తెలివి ఈ వారం ఎట్లా వచ్చింది సార్? పద్దెనిమిదే ఎందుకు?"

ఇసక్కిముత్తు నవ్వాడు. "పోయిన వారం నువ్వు ఎవరినైనా గుద్దితే పోలీసులు మీ నాయన ఇంటికొస్తారు. ఈ వారం గుద్దితే నీకోసమే వస్తారు. అదే తేడా."

"మరి మొపెడ్‌కు పదహారు చాలంట కదా?"

"గేరు లేని చిన్న బండికి చాలు. దానికీ మీ నాయన సంతకం పెట్టాలి. ఇంకేం కావాలి నీకు?"

వసంత్ అచ్చుకాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. మూర్ఛ వస్తుందా? చెవి వినిపిస్తుందా? పాతిక మీటర్ల దూరం నుంచి కారు నంబరు చదవగలవా? రేచీకటి ఉందా? ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి, అలాంటి వాళ్ళు ఎలా ఉంటారో ఊహించుకున్నాడు. ఒక చోటికొచ్చేసరికి పకపకా నవ్వేశాడు.

"అక్కా, ఇది సూడు. 'ఎరుపూ ఆకుపచ్చా రంగులను వెంటనే గుర్తించగలరా' అంట. ఎవురికి తెలీదు అది? సంటిబిడ్డకైనా తెలుస్తాదే!"

"రాసేటోళ్ళకు పని లేదు," అంది ఉష.

తెలుస్తాయి అని రాసి సంతకం పెట్టాడు వసంత్.

తరువాతి వారం బాలసుబ్రమణియన్ మిరపకాయల మూటలు లారీలో వేసుకుని విరుదునగర్ మండీకి బయల్దేరాడు. ఆ లారీ వెనకే బస్సులో తల్లి బొమ్మక్క, ఉష, వసంత్ వెళ్ళారు. నరికుడిలో ఉన్న తన తండ్రిని చూసి రావాలని బొమ్మక్క ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోంది. దారిలో విరుదునగర్‌లో కళ్ళ డాక్టరు కమలం దగ్గర సర్టిఫికేట్ కూడా తీసుకుంటే ఒక పని అయిపోతుందన్నారు.

డాక్టరు కమలం గోడ మీది అక్షరాలు చదవమంది. వసంత్ అన్నిటికన్నా చిన్న వరస కూడా తడబడకుండా చదివేశాడు. ఆమె మెచ్చుకుని, సొరుగులోంచి ఒక పుస్తకం తీసి తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు.

"ఏ అంకె కనిపిస్తోంది?"

"పన్నెండు."

పేజీ తిప్పింది. "ఇది?"

వసంత్ ముందుకు వంగాడు. వెనక్కు జరిగాడు. "ఏమీ లేదు మేడమ్. చుక్కలే."

"ఎనిమిది కదరా," అని వెనక నుంచి ఉష మెల్లగా అంది.

"యాడ?"

"నడిమధ్యన. ఇంత పెద్దగా ఉండాదే!"

అక్క తనను ఆట పట్టిస్తోందనుకున్నాడు వసంత్. తమ్ముడు కావాలనే అంటున్నాడనుకుంది ఉష. డాక్టరు మరో పేజీ తిప్పింది. ఇంకో పేజీ. ఉష ప్రతి అంకెనూ చెప్పింది. వసంత్‌కు ఒకచోట వేరే అంకె కనిపించింది, మిగతా చోట్ల చుక్కలు తప్ప మరేమీ లేవు. గదిలో ఎవరూ నవ్వడం లేదని గమనించాక అతను పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు.

"భయపడకు. నీ చూపు మంచి పదును. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం నీ కంటికి దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చేది. కళ్ళజోడుతో పోయేది కాదు, ముదిరేదీ కాదు," అంది డాక్టరు. తర్వాత బొమ్మక్క వైపు తిరిగింది. "మీ నాన్నగారికి ఇలా ఉందా? సాధారణంగా తాత నుంచి కూతురి ద్వారా మనవడికి వస్తుంది. కూతురికి మాత్రం రంగులు మామూలుగానే కనిపిస్తాయి."

బొమ్మక్క ముక్కు మీద వేలేసుకుంది. ఆ కంగారులో తమిళం మరిచిపోయి తెలుగులోనే అనేసింది. "అమ్మా! నా పెండ్లికి ఎర్రసీర తెస్తానని పోయి మా నాయిన పాసి రంగుది తెచ్చినాడే! అంగడోడు మోసం జేసినాడని మా యమ్మ ఆ వీదికి పోయి ఎంత రచ్చ జేసిందో!" వెంటనే కొడుకు భుజం పట్టుకుంది. "నిన్ను గూడా తిట్టితినే రా. మిరపపండ్లలో పచ్చికాయలు కలుపుతాండావని, ఒళ్ళు వంచి పని జెయ్యవని... కనపళ్ళేదని చెప్పకూడదా?"

"కనపడలేదని నాకెట్ల తెలుస్తాదిమా? అందురికీ ఇట్లనే ఉంటాదనుకుంటిని," అన్నాడు వసంత్.

ఈ సర్టిఫికేట్ మీద తాను సంతకం పెట్టలేనని డాక్టరు నెమ్మదిగానే చెప్పింది. వసంత్ చాలాసేపు ఆ పుస్తకం వదల్లేదు. ఉష వేలితో గీసి చూపిస్తుంటే, కనిపించని ఎనిమిది ఆకారాన్ని తనూ వేలితో అనుసరించాడు.

మండీ దగ్గర విషయం విన్న బాలసుబ్రమణియన్ పెద్దగా కలవరపడలేదు. "ఇంకో డాక్టరు దొరకడా? సూడకనే సంతకం పెట్టేటోళ్ళు ఉండారంట. కమిషన్ అంగట్లో అడుగుతా," అన్నాడు.

వసంత్ బుర్రలో వేరే ప్రశ్న తిరుగుతోంది. ఇన్నాళ్ళూ తనకు కనిపించకుండా పోయినవి ఇంకేమేం ఉన్నాయి? నరికుడి బస్సులో దారి పొడవునా ఉషను వేధించాడు. "ఆ గోడ ఏం రంగు? ఆ బోర్డు? ఆ యమ్మ రవిక?" కొన్ని సరిగ్గానే చెప్పాడు. కొన్ని తప్పాడు. తప్పినప్పుడల్లా, అక్క అసలు రంగు చెప్పాక కూడా అది ముందులాగే కనిపిస్తోందని ఆశ్చర్యపోయాడు.

తాత ఆండి నరికుడిలో తన వానాధారపు చేనిని ఇంకా తనే చూసుకుంటున్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని వాళ్ళను చూసి లేచాడు. కాళ్ళు కడుక్కుని నీళ్ళు తాగాక, ఉష వాకిలి చివర పూసిన కనకాంబరం మొక్కలను చూపించింది. పది అడుగుల దూరం కూడా ఉండదు.

"తాతా, ఎంత గుబురుగా పూసుండాది సూడు!"

"పూసిండాదా?" అన్నాడు ఆండి.

వసంత్ ఆ వైపు చూశాడు. దట్టంగా ఆకులు. దగ్గరికి వెళ్ళి వంగితే రేకులు తెలిశాయి. "నాకూ కనపళ్ళేదు తాతా. ఆకే కనిపిస్తాది," అన్నాడు.

ఆండి మనవడి ముఖంలోకి చూశాడు. తర్వాత మొక్కను చూశాడు. తర్వాత మళ్ళీ మనవణ్ణి. "నీకూనా?" అన్నాడు. డాక్టరు చెప్పినదంతా బొమ్మక్క చెప్పింది. అంతా విన్నాక ఆండి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"నా బుర్ర మందమనుకుంటిని. సిన్నప్పుడు మా నాయిన అట్లనే అంటాండె. రంగు మాటొస్తే వాయి మూసుకుంటాంటి. మీ యవ్వ ఉన్నన్నాళ్ళూ సైగ జేసి సెప్తాండె. ఇంకెవురికీ తెలీదు."

తాతా మనవడూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకటే ఆత్రం. పిడకలు, పెంకులు, కొట్టం మీద పాకిన గుమ్మడి తీగ, వీధిలో పోతున్న సైకిలు... ఒక్కోటీ చూపించి "నీకెట్లుండాది?" అని ఒకరినొకరు అడిగారు. ఇద్దరి జవాబులూ ఒకటే అయినప్పుడల్లా ఆండి తొడ చరిచి నవ్వాడు. పక్కన కూర్చున్న ఉషకు మొదటిసారి తనే ఆ ఇంట్లో కొత్త మనిషిలా అనిపించింది.

జీపు సంగతి, చూడకుండా సంతకం పెట్టే డాక్టరు సంగతి బయటికొచ్చాక ఆండి నవ్వు ఆగింది.

"ఒకసారి ఎద్దుల బండి తోలుకోని రైలుకట్ట కాడికి పోతిని. గేటు లేదు. పట్టాలు బాగు జేసేటోడొకడు గుడ్డ ఊపినాడు. పచ్చగుడ్డ, పొమ్మంటాండాడు అనుకుంటిని. పట్టాల మీదికి ఎద్దులు కాలు పెట్టినాక వాడి కేక ఇనపడింది. అదిలించి దాటిస్తిని. బండి వెనక సక్రం దాటిందో లేదో, రైలు పోయింది." మనవడి వైపు తిరిగాడు. "ఎద్దులు గాబట్టి ఉరికినాయి. నేనొకణ్ణే గాబట్టి సరిపోయె. బండిలో నీ యమ్మ ఉంటే?"

బొమ్మక్కకు ఈ కథ తెలియదు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి చేరాక వసంత్ తండ్రితో చెప్పేశాడు. "వద్దు నాయినా. వేరే డాక్టరు వద్దు. ముందు పోయే లారీ ఎర్రలైటు ఏసేది నాకు తెలీకపోతే ఎట్ల? నేను తోలను."

చెప్పాక జీపు ఉన్న కొట్టం వైపు చూడలేకపోయాడు. ఎల్ బోర్డు కోసం అట్ట కూడా కోసి పెట్టుకున్నాడు మరి.

"అయితే ఆ బండిని ఏం జెయ్యాల? కోళ్ళు గుడ్లు పెట్టేదానికా?" అని బాలసుబ్రమణియన్ అరిచాడు.

"అక్కకు అన్ని అంకెలూ కనపడినాయి," అన్నాడు వసంత్.

"ఆడబిడ్డ జీపు తోలేదా? ఈ ఊర్లోనా?" అన్నాడు బాలసుబ్రమణియన్.

"ఆ కాగితంలో ఆడదా మొగోడా అని ఏమన్నా రాసుండాదా?" అని బొమ్మక్క కొడుకును అడిగింది.

వసంత్‌కు ప్రశ్నలన్నీ నోటికొచ్చు. ఒక్కొక్కటే తలచుకున్నాడు. "వయసు, కన్ను, సెవి, కాలు సేతులు. అంతేమా."

"నన్ను ఎవురన్నా అడిగినారా?" అంది ఉష. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ముఖం ఎర్రబడింది. "అడిగితే నేర్సుకుంటాను."

అలా ఉష ఇసక్కిముత్తు కారులో కూర్చుంది. డాక్టరు కమలం ఒక్క మాట అనకుండా సంతకం పెట్టింది. ఎల్.ఎల్.ఆర్. వచ్చింది. ముందు సీట్లో ఉష, ఇసక్కిముత్తు. వెనక సీట్లో వసంత్, ఆపకుండా ప్రశ్నలు. క్లచ్ తొక్కితే లోపల ఏమవుతుంది? వెనక్కు పోవడానికి ఒకే గేరు ఎందుకు? ఇసక్కిముత్తు ఒకరోజు విసిగిపోయి బానెట్ ఎత్తి అంతా చూపించాల్సి వచ్చింది. ఉష మాత్రం మాట్లాడేది కాదు. పళ్ళు బిగబట్టి రోడ్డు చూసేది.

పరీక్ష రోజు మైదానంలో కర్రలు పాతి ఉన్నాయి. హెచ్ అక్షరం ఆకారంలో, కర్రలకు తగలకుండా బండిని ముందుకూ వెనక్కూ తిప్పాలి. ఉష ఇసక్కిముత్తును పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి జీపే తెచ్చుకుంది. చేతి సైగలన్నీ సరిగ్గా చూపించింది. వెనక్కు వచ్చేటప్పుడు చివరి కర్ర తగిలి ఒరిగింది.

"వచ్చే వారం రామ్మా," అన్నాడు పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు.

ఆ వారమంతా సాయంత్రాలు ఊరి బయట కళ్ళంలో వసంత్ పత్తికర్రలు పాతాడు. విరిగిన వాటి స్థానంలో కొత్తవి పాతుతూనే ఉన్నాడు. ఊళ్ళో వాళ్ళు మొదట్రోజు నవ్వడానికి వచ్చారు, తర్వాత లెఫ్టో రైటో అరిచి చెప్పడానికి వచ్చారు. మూడోనాడు బాలసుబ్రమణియన్ కూడా వచ్చి, దూరంగా నిలబడి, "సక్రం తిప్పు, సక్రం తిప్పు!" అని కేకలేశాడు.

రెండోసారి ఒక్క కర్ర కూడా కదల్లేదు. ఇన్‌స్పెక్టరు జీపెక్కి రోడ్డు మీదికి పోనిమ్మన్నాడు. వాళ్ళు తిరిగొచ్చేదాకా వసంత్ మైదానంలో అటూ ఇటూ నడిచాడు. జీపు దిగిన ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసి, తలూపాడు.

"నువ్వెప్పుడు వస్తావు తంబీ?" అని వసంత్‌ను అడిగాడు.

"నేను రాను సార్. నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలీవు."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళ నా సర్వీసులో ఆ ప్రశ్నకు తెలీదని చెప్పినవాణ్ణి నిన్నే చూడటం," అన్నాడు. ఆ తర్వాత ఉండబట్టలేక మరి కాస్త దగ్గరికొచ్చాడు. "మరి ఆ మోటారు సైకిలు నీకు ఎట్లా ఉంటుంది? ఆ జెండా? నా సంతకం ఇంకు?"

వసంత్‌కు ఉత్సాహం వచ్చింది. ఒక్కోటీ చెప్పడం మొదలుపెట్టాడు. పరీక్షకు వచ్చినవాళ్ళు కూడా చుట్టూ చేరి తమ చొక్కాలు చూపించసాగారు. జీపులో ఉష రెండుసార్లు హారన్ కొట్టింది. అతను వినిపించుకోలేదు. మూడోసారి ఆమె ఇంజను ఆపి, దిగి, తనూ ఆ గుంపులోకి వెళ్ళి నిలబడింది.