గ్లవ్సు వేలిలో పొడి

అక్కాచెల్లెళ్లిద్దరిలో పెద్దది పనిచేసేది ఓ ఫ్యాక్టరీ పొడిగదిలో. చెరువుల్లో పెంచిన రొయ్యల్ని పక్క షెడ్డులో ఒలిచాక మిగిలే తలకాయలూ డొప్పలూ ఆ ఫ్యాక్టరీకొచ్చేవి. వాటిని నూరి, గోరువెచ్చని నీళ్లలో ఏదో మందు కలిపి కరగబెట్టి, వడకట్టి, ఆ రసాన్ని వేడిగాలిలోకి చిమ్మితే స్టీలు గంగాళం అడుగున లేతపసుపు పొడి రాలేది.

"ఇనుముకి తుప్పు పట్టినట్టే మన ఒంటికీ లోపల పడుతుంది. ఈ పొడిలో పెప్టైడ్లని ప్రొటీను ముక్కలున్నాయి, అవి ఆ తుప్పుని ఆపుతాయి" అని సూపర్‌వైజరు చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. పెద్దది బ్రష్షుతో గంగాళం గోడలు గీకుతూ వినేది. విని విని ఆ మాటలు ఆమెకి కంఠతా వచ్చేశాయి.

ఇంట్లో చెల్లెలుంది. అమ్మ పోయాక దాన్ని ఒళ్లో వేసుకుని పెంచింది పెద్దదే. చిన్నది కొన్నాళ్లు షెడ్డులో రొయ్యలు ఒలిచి, ఆయాసం పట్టుకుని మానేసింది. ఐసునీళ్లలో నానితే రాదా మరి, అన్నారు అందరూ. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుంది. పగలంతా బాగానే ఉండేది. అక్క పని దిగి ఇంటికొచ్చాక మళ్లీ ఎగశ్వాస మొదలయ్యేది.

"నీ మొహం చూస్తే చాలే అక్కా, నాకు ఊపిరాడదు" అని నవ్వేది.

"నోరు ముయ్యవే" అంటూ పెద్దది పనిబట్టలతోనే దాన్ని దగ్గరికి లాక్కుని వీపు రుద్దేది.

గోడకంటుకుని మాడిన పొడి అమ్మకానికి పనికిరాదు, పారేస్తారు. అయినా గేటు దాటిస్తే ఉద్యోగం ఊడినట్టే. పెద్దది ఓ రోజు చిరిగిన గ్లవ్సు వేలొకటి కత్తిరించి, అందులో చెంచాడు పొడి పోసి, ముడేసి, జేబులో వేసుకొచ్చింది. పాలలో కలిపి చెల్లెలి చేతికిచ్చింది.

చిన్నది వాసన చూసి గ్లాసు దూరం పెట్టింది. "రొయ్యా? నాకు పెదాలు దురదెక్కుతాయని తెలుసుగా."

"రొయ్యెక్కడుందే ఇందులో? నూరారు, కరిగించారు, డొప్పంతా వడకట్టి పారేశారు. నా కళ్లారా చూశాను. ఇది ఉత్తి సత్తువ. లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుంది."

"అయితే ముందు మన గేటుకి పూసి చూడు, కిర్రుమని చంపుతోంది" అని చిన్నది ముక్కు మూసుకుని తాగేసింది. చేదుకి మొహం ముడుచుకుపోయింది. కాసేపటికి గొంతు దురదంది.

"మందన్నాక కాస్త గుణం చూపించదూ?" అంది పెద్దది.

ఆయాసం పెరిగింది. పెద్దది పొడి పెంచింది.

"గేటు దగ్గర పట్టుకుంటే ఏం చెప్తావే?" అని అడిగింది చిన్నది ఒకసారి.

"నా వేలే తెగిపడిందని చెప్తా."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే చిన్నది దగ్గులో పడిపోయింది. అక్క అంత గండం దాటి తెచ్చింది వద్దనడానికి దానికి మనసొప్పలేదు. ఆ తర్వాత గొంతు సంగతి ఎత్తలేదు.

ఓ మధ్యాహ్నం పక్కింటావిడ ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. అక్క కలిపి మూతపెట్టి వెళ్లిన పాలు తాగి, చిన్నది మిషను మీదే ఒరిగిపోయిందట. పెద్దది పనిబట్టలైనా మార్చకుండా ఆసుపత్రికి పరుగెత్తింది.

"రొయ్యలుగానీ పీతలుగానీ తిందా?" అనడిగాడు డాక్టరు.

"ముట్టదండీ."

ఆయన లోపలికెళ్లి, వెంటనే తిరిగొచ్చాడు. "ఏదో పడనిది కడుపులోకి పోయింది. ఏమిచ్చారో చెప్పండమ్మా, దాచొద్దు."

పెద్దది చెయ్యి జేబులో ఉంది. ఆ పూట ముడేసిన గ్లవ్సు వేలు చేతికి తగులుతోంది. చెప్తే దొంగతనం బయటపడుతుంది. ఉద్యోగం పోతే దాని మందులెలా? జేబులోనే పిడికిలి బిగించింది. లోపలినుంచి చెల్లెలి ఊపిరి పిల్లికూతల్లా వినిపిస్తోంది. అప్పుడు తీసిచ్చింది.

డాక్టరు ముడి విప్పి వాసన చూశాడు. "ఇది రొయ్యేనమ్మా. ఎంత నూరినా, ఎంత వడకట్టినా, పడనివాళ్లకి రొయ్య రొయ్యే. ఆవగింజంత చాలు. మీ బట్టల మీద దుమ్ము చాలు."

ఇంటికెళ్లగానే చెల్లెల్ని గుండెకి హత్తుకున్న సాయంత్రాలన్నీ పెద్దదానికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తలుపువైపు అడుగు వేసింది. నర్సు అడ్డంగా నిలబడింది. "అలా రావొద్దు. జుట్టు నిండా అదే ఉంది. వెనక కుళాయుంది, కడుక్కుని రండి" అని రోగులకిచ్చే గౌనొకటి చేతిలో పెట్టింది.

పెద్దది కుళాయి కింద కూర్చుంది. సబ్బు అరిగిపోయేదాకా జుట్టూ మెడా రుద్దుకుంది. పుల్లతో గోళ్లసందులు గీకింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసనొచ్చింది. మళ్లీ రుద్దుకుంది.

నీళ్లోడుతూ వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్లికూతలు వినిపించడంలేదు. పెద్దది బడిపిల్లలా రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది.

"శుభ్రంగా కడుక్కున్నానమ్మా. గోళ్లు కూడా."

నర్సు గోళ్లవైపు చూడలేదు.

"వెళ్లమ్మా" అంది పక్కకి తప్పుకుంటూ. "ఇంక ఎలా వెళ్లినా ఫరవాలేదు."