ఆగిందా, ఆపాడా

మే పంతొమ్మిది, ఆదివారం. ఆ ఉదయం మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం గొంతు దిగలేదు. ఎదురుగా కూర్చున్న బావమరిది మాత్రం మూడు గుడ్లూ నాలుగు రొట్టెముక్కలూ లాగించి, బావ వదిలేసిన అరటిపండు ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు.

"నలభై కిలోమీటర్లు తొక్కాలి బావా. ఈ పిట్ట తిండితో ఎలా? దారిలో కూలబడితే ఎక్కించుకోడానికి నేనేం బస్సు తేవట్లేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు అతను. మాస్టారు కాలేజీలో భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఏడాది కిందట మాస్టారి భార్య, అంటే అతని అక్క, పోయినప్పటినుంచి ఆదివారాలు ఇద్దరూ సైకిళ్ళెక్కి అడవి దారుల వెంట పోతున్నారు. ఇంట్లో గడియారం చప్పుడు వింటూ కూర్చోవడం కంటే అది నయమని ఇద్దరికీ అనిపించింది.

ఆ రోజు బావమరిది చొక్కా వీపు జేబులో, ప్లాస్టిక్ కవరులో, ఒక కాగితం ఉంది. మాస్టారికి గొంతు దిగకపోవడానికి కారణం ఆ కాగితమే.

యుద్ధకాలంలో ఊరిని ఆక్రమించిన సైనికులు పద్నాలుగు మందిని లారీ ఎక్కించి అడవిలోని రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళారు. దారిలో ముగ్గురు దూకి పారిపోయారు. మిగిలిన పదకొండు మందినీ క్వారీలో కాల్చేశారు. అక్కడి రాతిపలక మీద ఆ పదకొండు పేర్లూ ఉన్నాయి. తన తండ్రి కూడా వాళ్ళతోనే పోయాడనీ, ఎవరో పొరపాటున ఆయన పేరు వదిలేశారనీ బావమరిది నమ్మకం. తల్లి అలాగే చెప్పింది. అప్పటికి అతనికి రెండేళ్ళు. ఆ తర్వాత వాళ్ళమ్మ పిల్లలిద్దర్నీ తీసుకుని దూరపు ఊరికి వెళ్ళిపోయింది. పెద్దయ్యాక తిరిగొచ్చినా, "అటు మాత్రం వెళ్ళకురా" అని అక్క ఒట్టు పెట్టించుకుంది. ఇప్పుడు అక్క లేదు. పన్నెండో పేరుగా తండ్రి పేరు చెక్కించమని అతను అర్జీ రాసుకున్నాడు. స్మారకం చూసుకునే ఆవిడ చేతికి ఇవ్వడానికే ఈ ప్రయాణం.

కానీ ఆ లారీ నడిపింది అతని తండ్రే.

పోయే ముందు వారంలో భార్య ఈ సంగతి మాస్టారికి చెప్పింది. ఆ రోజుకి ఆవిడకి ఎనిమిదేళ్ళు, అన్నీ గుర్తున్నాయి. "తమ్ముడికి చెప్పకండి" అంది. "వేరే పని చేసేవాడైతే ఎలాగో తట్టుకుంటాడు. వాడూ డ్రైవరే." మాస్టారు మాటిచ్చారు. కిందటి నెల ఒక్కరే వెళ్ళి చూస్తే, స్మారకం పక్క గదిలో గోడమీద, పారిపోయినవాళ్ళలో ఒకాయన వాంగ్మూలం అద్దం కట్టించి ఉంది. అందులో డ్రైవరు పేరుంది. అర్జీ అందుకోగానే ఆవిడ ఆ పేరు చదువుతుంది. తలెత్తి గోడవైపు చూస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మాస్టారు రోజూ తల్చుకునేవారు.

బయల్దేరారు. ఊరు దాటాక రోడ్డు చెట్లలోకి దూరింది. రాత్రి వానకి తారు నల్లగా మెరుస్తోంది. కూలిన పాత వంతెన స్తంభాలు రెండు వాగులో అలాగే నిలబడి ఉన్నాయి. పక్కనే కట్టిన కొత్త వంతెన మీంచి దాటారు. ఆవల, నాచు పట్టిన కాంక్రీటు బంకరు. తుపాకీ గొట్టం పెట్టుకునే సన్నటి సందులోంచి ఏదో మొక్క తల బయటికి పెట్టింది. రోడ్డుకి సమాంతరంగా సైనికులు తవ్విన కందకాలు ఆకులతో సగం పూడిపోయి, నేల మీద పాత గాట్లలా కనిపిస్తున్నాయి. ఎండ కొమ్మల మధ్యనుంచి దిగి మోచేతుల మీద వెచ్చగా పడుతోంది. దానికి కూడా మాస్టారు లోలోపల దణ్ణం పెట్టుకున్నారు.

పదిహేడో కిలోమీటరు రాయి దాటగానే మలుపు, మలుపులోనే మిట్ట.

"బావా, గేరు! గేరు తగ్గించు!"

ధ్యాస ఇంకెక్కడో ఉన్న మాస్టారు మిట్ట సగం ఎక్కాక తగ్గించబోయారు. చైను కరకరలాడి ఊడిపోయింది. ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డారు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఎత్తు మొదలవకముందే తగ్గించాలి. ఇంతమంది పిల్లలకి కొండలూ లోయలూ పాఠం చెప్పావు, ఒక్క కొండైనా ఎక్కావా?"

మాస్టారు వంగి చైను పట్టుకున్నారు. చేతులకి పని ఉంటే, మొహం కిందికి ఉంటే, నోరు కాస్త పెగులుతుంది.

"ఒరేయ్, ఆ లారీ ఆగింది ఇక్కడేరా."

"ఏ లారీ?"

"ఆ లారీయే. నడిపింది మీ నాన్న."

బావమరిది ముందు నవ్వాడు. "పొద్దున్న సరిగ్గా తినలేదుగా, తల తిరుగుతోంది నీకు." మాస్టారు తలెత్తలేదు. నవ్వు మెల్లగా ఆగిపోయింది. "అక్క చెప్పిందా?"

"చెప్పింది."

"ఏడాదినుంచీ తెలుసన్నమాట. నా పక్కనే తొక్కుతూ, నాతో టీ తాగుతూ..."

"మాటిచ్చానురా."

"మరిప్పుడెందుకు తప్పావు?"

"అక్కడ గోడ మీద ఆయన పేరుంది. నువ్వు పరాయివాళ్ళ ముందు నిలబడి తెలుసుకోకూడదనుకున్నాను. ముందే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు."

బావమరిది మలుపు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, రోడ్డుని రెండుసార్లు చూశాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఇంటికి వెనుదిరుగుతాడేమోనని మాస్టారు ఆశపడ్డారు. అతను క్వారీ దారే పట్టాడు.

మాస్టారు చేరేసరికి అతను రాతిపలక ముందు నిలబడి ఉన్నాడు. స్మారకం చూసుకునే ఆవిడ, యాభై దాటిన మనిషి, చీపురు పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"సైకిళ్ళు లోపల పెట్టుకోండి. ఉడతలు సీట్లు కొరుకుతాయి. చెబితే ఎవరూ నమ్మరు, తర్వాత వచ్చి నా మీద అరుస్తారు" అని, పలక వైపు చీపురు చూపించింది. "ఏడో పేరు మా తాతది."

ఇద్దరూ గదిలోకెళ్ళి నీళ్ళ సీసాలు బల్లమీద పెట్టారు. బావమరిది కళ్ళజోడు పెట్టుకుని గోడమీది వాంగ్మూలం చదివాడు. నాలుగు వాక్యాల చోట వేలు ఆనించి మళ్ళీ చదివాడు. 'మలుపు దగ్గర లారీ ఆగింది. మేం ముగ్గురం దూకాం. సైనికులు కాల్చారు. డ్రైవరు మళ్ళీ స్టార్ట్ చేశాడు.'

"ఈ డ్రైవరు గురించి మీ ఇంట్లో ఏమనేవాళ్ళమ్మా?"

"మా నాయనమ్మ ఆ పేరు పలికేది కాదు. లారీవాడు అనేది, అంతే. వీధిలో లారీ చప్పుడైతే లేచి కిటికీ మూసేది." ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "ఈ వాంగ్మూలం ఇచ్చినాయన బతికున్నన్నాళ్ళూ ఏటా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ మా నాయనమ్మతో గొడవే. ఆయన 'డ్రైవరు లారీ ఆపాడు' అనేవాడు. ఈవిడేమో 'ఆపలేదు, ఆగింది' అనేది. చివరికి కమిటీవాళ్ళు ఈవిడకి జడిసి 'ఆగింది' అనే రాయించారు."

బావమరిది కళ్ళజోడు తీసి మడిచాడు.

"నేను ఆ లారీవాడి కొడుకునమ్మా" అన్నాడు బావమరిది.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. గోడవైపు చూసింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"నేనూ డ్రైవర్నే. మీకు తెలియంది ఒకటి చెప్తాను. రోజూ ఆ రోడ్డున తిరిగే డ్రైవరుకి ఆ మలుపులో లోడుబండి ఊరికే ఆగదు. కిలోమీటరు రాయి దగ్గరే చెయ్యి గేరు మీదికి పోతుంది, నిద్రలో ఉన్నా పోతుంది."

"అయితే ఆపాడంటారా? రాయించమంటారా అలా?" ఆవిడ గొంతు గరుకుగా ఉంది. అది కోపమో మరేమిటో మాస్టారికి అంతుపట్టలేదు.

బావమరిది చెయ్యి వీపు జేబు దాకా పోయి, ఖాళీగా వెనక్కొచ్చింది.

"వద్దమ్మా. ఆగిందనే ఉండనివ్వండి. బండి దానంతటదే ఆగితే, మా నాన్న చేతులు వణికిన మనిషి. ఆపాడంటే, ఆపగలిగినవాడు. ఆపగలిగినవాడు మళ్ళీ ఎందుకు స్టార్ట్ చేశాడో చెప్పాలి కదా. పదకొండు మంది వెనక కూర్చునుండగా."

ఆవిడ బల్లమీదున్న వాళ్ళ సీసాలు రెండూ తీసుకెళ్ళి నీళ్ళు నింపి తెచ్చింది. మూతలు బిగించి, చేతికివ్వకుండా బల్లమీదే పెట్టింది. మాస్టారు దాన్నే మహాప్రసాదం అనుకున్నారు. బావమరిది తన సీసా తీసుకుని తలవంచుకుని బయటికి నడిచాడు.

తిరుగు దారిలో మలుపు దగ్గర బావమరిది సైకిలు దిగి, పల్లమైనా సరే, నడిపించుకుంటూ దాటాడు. మాస్టారు కూడా దిగి నడిచారు. ఊళ్ళోకి రాగానే, "ఇంటికెళ్ళను బావా, ఈ పూటకి నీ దగ్గరే" అన్నాడు. మాస్టారు వేడినీళ్ళు పెట్టారు, రొట్టె కోశారు. పొద్దున్న అంత తిన్నవాడు ఒక్క ముక్క తుంచి పళ్ళెంలోనే ఉంచేశాడు.

ఎనిమిదిన్నరకి అక్క గదిలో, అక్క మంచం మీద పడుకున్నాడు. మాస్టారు దుప్పటి తెచ్చి కప్పారు.

"ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చాడా బావా?"

అబద్ధం చెప్పాలని మాస్టారికి ఎంతో అనిపించింది. "వచ్చాడట. చాలాసేపు చేతులు కడుక్కున్నాడట. నువ్వు ఏడుస్తుంటే మీ అమ్మ ఎత్తుకోమని ఇచ్చిందట. ఎత్తుకోలేదట."

"తర్వాత?"

"వారానికి ఆయనా కనిపించకుండా పోయాడు. సైనికులు తీసుకెళ్ళారో, ఊళ్ళోవాళ్ళే తీసుకెళ్ళారో మీ అక్కకి తెలీదు. నాకూ తెలీదురా."

"అక్క ఇదంతా ఎనిమిదేళ్ళకి చూసింది" అన్నాడు బావమరిది. "నా నుంచి జీవితమంతా దాచింది." గోడవైపు తిరిగాడు. "లైటు తీసెయ్ బావా."

మాస్టారు లైటు తీసేశారు. చీకట్లో మంచం సన్నగా కిర్రుమంది. దుప్పటి కింద భుజాలు కదులుతున్న చప్పుడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఒకరు వింటున్నారని తెలిసి దిగమింగుకుంటున్నాడు. మాస్టారు గుమ్మంలో ఒక క్షణం నిలబడి, గడియ చప్పుడవకుండా వేలు అడ్డుపెట్టి, తలుపు మెల్లగా మూశారు.