మొదటి గ్లాసు

నీళ్లాయన ట్యాంకరు గొట్టం కింద స్టీలు గ్లాసు పెట్టి నింపాడు. వెలుతురుకెత్తి చూసి, వాసన పీల్చి, గటగటా తాగేసి, పావుగంట సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. ఆ సైనిక శిబిరంలో ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి. మొదటి గ్లాసు ఆయన తాగాలి, ఒంట్లో తేడా లేదంటేనే శిబిరానికి నీళ్లొదిలే వాల్వు తిప్పాలి. ల్యాబు వాళ్లు నెలకోసారి వచ్చేవారు. ఆయన పొట్ట రోజూ డ్యూటీలో ఉండేది. నాలుగుసార్లు ఆసుపత్రి పాలయ్యాడు, నాలుగు ట్యాంకర్లు వెనక్కి పోయాయి.

"ఎనిమిది వందల మందికీ కలిపి కడుపు నీదొక్కటేనా?" అని ఇంటావిడ నాలుగుసార్లూ మంచం పక్కనే కూర్చుని తిట్టింది.

ఈ మధ్యే పై ఆఫీసులో రెండు జాబితాలు తయారయ్యాయి. ఒకటి సైన్యం తానే చేసుకోవలసిన పనులది, రెండోది కాంట్రాక్టుకు ఇచ్చేయదగ్గవాటిది. గడ్డి కోత, బట్టల ఉతుకు, చెత్త ఎత్తడం పక్కనే నీళ్లనూ కూర్చోబెట్టారు. "బట్టలిచ్చుకోండి సార్, మురికి మిగిలితే కంటికి కనపడుద్ది. నీళ్లివ్వొద్దు" అని నీళ్లాయన మూడు అర్జీలు పెట్టుకున్నాడు. జవాబు చెప్పాల్సినవాళ్లు నీళ్లు నమిలారు. తాగేవాడికి ఉద్యోగం పోయింది, నమిలేవాళ్లకు ప్రమోషనొచ్చింది.

ఆయన దిమ్మ మీద కూర్చున్న ఆ రోజే అప్పగింత. పావుగంట గడిచి, ఆఖరిసారి వాల్వు తిప్పి కట్టేసేసరికి కాంట్రాక్టరు తాలూకు ట్యాంకరు వచ్చి ఆగింది. వెనకాలే సప్లై అధికారి, కాంట్రాక్టరు మనిషి దిగారు. కాంట్రాక్టరు మనిషి చొక్కా ఇస్త్రీ నలగలేదు. చంకలో ఫైలు, చేతిలో సీలు తియ్యని నీళ్ల సీసా.

నీళ్లాయన కొత్త ట్యాంకరు నుంచి గ్లాసు నింపి కాంట్రాక్టరు మనిషి ముందుకు చాచాడు.

"ఇక నీ వంతు బాబూ. తాగు."

"నేనెందుకు పెద్దాయనా? టెస్టు రిపోర్టుందిగా."

"రిపోర్టుకి కడుపునొప్పి రాదు నాయనా."

"నాకు బయటి నీళ్లు పడవండీ."

"బయటివేంటయ్యా, నువ్వు తెచ్చినవేగా."

అధికారి మధ్యలోకొచ్చాడు. "పోనీలేవయ్యా. ఆయన తాగాలని కాంట్రాక్టులో లేదు."

"తాగాలని లేదు సరే సార్. తాగించాలనైతే ఉందిగా, మన కుర్రాళ్లకి?"

అధికారి గడియారం చూసుకున్నాడు. నీళ్లాయనకి ఇద్దరి మొహానా కొట్టడానికి ఆ గ్లాసెడు చాలవనిపించింది. అలవాటు కొద్దీ తన నోటి దాకా తెచ్చుకుని, ఆగిపోయాడు. తను తాగితే వీళ్లు తప్పించుకున్నట్టే. రేపటి గ్లాసుకు మాత్రం మనిషుండడు.

గ్లాసు దిమ్మ మీద పెట్టాడు. పక్కనే వాల్వు తాళంచెవి పెట్టాడు.

"ఇది తాగినోడే అది తిప్పాలి" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన గేటు దాటకముందే వెనకాల వాల్వు కిర్రుమంది. దిమ్మ మీద తాళంచెవి లేదు. గ్లాసు మాత్రం అలాగే ఉంది, అంచుదాకా నిండుగా.