తలుపుకు అంటించాను

జిగురు డబ్బా మూత తీసి వాసన చూశాడు. పిండితో కాచిన జిగురు, నిన్నటిదే అయినా ఇంకా పులియలేదు. మూత గట్టిగా నొక్కి, కుంచెను పాత గుడ్డలో చుట్టి, రెండింటినీ సంచి అడుగున పెట్టాడు. ఇవాళ్టి సమన్లు ఆరు. ఏ వీధి తర్వాత ఏ వీధో ఒక వరసలో సర్దుకుంటూ వచ్చి ఆరోదాని దగ్గర ఆగిపోయాడు. పాత ఇటుకబట్టీ వెనక సందు.

కోర్టులో ఆయన్ని అందరూ జిగురు బాబాయ్ అంటారు. ఆ ఊళ్ళో ఎవరి మీద ఎవరు దావా వేసినా ఆ కబురును గుమ్మం దాకా మోసేది ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయనే. ఇంట్లో మనిషి ఉంటే చేతికిచ్చి సంతకం పెట్టించుకోవాలి. తాళం వేసి ఉంటే సమను తలుపుకు అంటించి, ఆ సంగతి రెండో ప్రతి వెనక రాసి కోర్టుకు తిరిగి ఇవ్వాలి. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఎడమకాలి చెప్పు ఎప్పుడూ కుడిదానికంటే ముందే అరుగుతుంది. రిటైరు కావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

బట్టీ వెనక సందుకు సమను వస్తే ఏదో ఒక సాకు చెప్పి తోటి బంట్రోతుకు అంటగట్టేవాడు. ఇరవై ఏడేళ్ళుగా అదే తంతు. ఇవాళ ఆ తోటివాడు సెలవు పెట్టాడు.

"ఇదొక్కటీ రేపు చూద్దామా?" అని హెడ్ గుమాస్తాను అడిగాడు.

"రేపేంటి బాబాయ్, ఇప్పటికే ఆలస్యమైంది. అన్నట్టు, రికార్డు గదికి కాలేజీ నుంచి ఓ అమ్మాయి వస్తోంది చూడు, నీ పాత రాతలన్నీ తిరగేస్తోంది. మూడింటికి నిన్ను కలవాలట. ఏదో ఒక కాగితం గురించి అడగాలంది."

ఒక కాగితం. ఇన్ని వేల కాగితాల్లో ఆ అమ్మాయికి కావలసింది ఒక్కటే అయితే, అది ఏదో ఆయనకు చెప్పక్కర్లేదు.

పొద్దుటి నుంచే ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. "తిని వెళ్ళండి, గాలి పట్టేసి ఉంటుంది" అంది భార్య. నిలబడే రెండు ముద్దలు తిని వచ్చేశాడు. ఇప్పుడా పట్టు ఇంకాస్త బిగిసింది. కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరిగి, ఇక లాభం లేదని బయల్దేరాడు.

మొదటిది ఒక దర్జీ. కొలతలు తీస్తూనే సంతకం పెట్టాడు. రెండోది ఒక ముసలావిడ. సమను అందుకుని, మంచినీళ్ళిచ్చి, దావా వేసిన తమ్ముడి చిన్ననాటి దొంగతనాలన్నీ ఏకరువు పెట్టింది. మామూలు రోజైతే అన్నీ వినేవాడు. ఇవాళ గ్లాసు సగంలోనే గట్టు మీద పెట్టేసి, "వస్తానమ్మా" అంటూ లేచాడు. "నీక్కూడా తొందరే!" అని ఆవిడ నొచ్చుకుంది.

నడుస్తున్నాడే కానీ కళ్ళ ముందు ఊరు లేదు, ఆనాటి వాన ఉంది.

నిజానికి అది పెద్ద కథేమీ కాదు. ఆ రోజు వాన. కాళ్ళకు కొత్త చెప్పులు. బట్టీ వెనక అంతా ఎర్రబురద. దారిలో టీ కొట్టు కనబడితే ఆగాడు, బెంచీ మీద ఓ కునుకు తీశాడు, లేచేసరికి పొద్దు వాలింది. 'తలుపు తాళం వేసి ఉన్నది. ఆకుపచ్చ తలుపు. పక్కన బావి. తలుపుకు అంటించాను' అని అక్కడే కూర్చుని రాసి కోర్టులో ఇచ్చేశాడు. బిడ్డకు జ్వరమనో తల్లికి బాగోలేదనో ఏదైనా పెద్ద కారణం ఉంటే తనను తాను ఎప్పుడో క్షమించుకునేవాడు. చెప్పులు తడుస్తాయని ఎవరికి చెప్పుకుంటాడు?

సమను అందనివాడు సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి. వాయిదాకు రాలేదు, రాలేదు కనుక ఇల్లు అన్నదమ్ముల పాలైంది. తర్వాత కోర్టు వరండాలో చేతులు కట్టుకుని, "బాబూ, నాకే కాగితమూ రాలేదు" అని ప్రతి ఒక్కరినీ పట్టుకుని చెప్పాడు. "తలుపుకు అంటించారయ్యా, ఇదిగో రాసుంది" అన్నారు. అతను తల తిప్పి ఈయన వంక చూశాడు. ఈయన తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. మళ్ళీ ఆ మనిషి ఎక్కడా కనబడలేదు.

ఆ తర్వాత నుంచే రాతలు పొడుగయ్యాయి. ఏ గుమ్మానికి వెళ్ళినా వెళ్ళినట్టు రుజువు ఉండాలి. 'కిరసనాయిలు దీపపు స్తంభం దాటాక మూడో ఇల్లు. దీని తర్వాత ఊరు లేదు.' రెండేళ్ళకు, 'ఊరు లేదన్న చోట బడి కడుతున్నారు. పునాది మీద పిల్లలు ఆడుతున్నారు.' ఇంకొన్నాళ్ళకు, 'కొళాయి వచ్చింది. బిందెల వరస వల్ల దారి దొరకక పావుగంట ఆలస్యమైనది.' ఒక జడ్జిగారు చదివి, "ఇది సమనా, యాత్రాచరిత్రా?" అన్నారు. కోర్టంతా నవ్వింది. ఈయన మాత్రం మానలేదు.

అయిదు సమన్లూ ముగించుకుని మూడింటికి రికార్డు గదిలోకి వెళ్ళాడు. దుమ్ము, పాత కాగితాల వాసన. బల్ల నిండా పరిచిన ఒక పెద్ద పటం. దాని మీద వంగి కళ్ళజోడు అమ్మాయి.

"రండి, రండి! మీరేనా? ఈ ఊరు ఎలా పెరిగిందో పుస్తకం రాస్తున్నాను, ఏ ఆఫీసులోనూ ఆధారం దొరకలేదండీ. దొరికింది మీ సమన్ల వెనకే" అంది. ఏ ఏడు ఏ వీధి పుట్టిందో రంగు పెన్సిళ్ళతో గీసింది. దీపపు స్తంభం ఉంది. బడి ఉంది. ఆఖరికి బిందెల వరస కూడా చిన్న చుక్కలుగా ఉంది. తన కాళ్ళు తిరిగిన ఊరంతా ఒక్కచోట చూసేసరికి ఆయన వేలు బడి దాకా తడుముకుంటూ వెళ్ళింది. సంతోషం వేసింది. ఆ సంతోషం వెనకే భయమూ వేసింది.

"ఇదొక్కటే అనుమానం" అని ఆమె బట్టీ వెనక వేలు పెట్టింది. "ఇక్కడ బావి ఉన్నట్టు ఇంకెక్కడా లేదు. ఈ సందు పుట్టిన ఏడాదికి మీ మాటే ఆధారం. ఆకుపచ్చ తలుపు, పక్కన బావి. గుర్తుందా?"

"చెరిపేయండమ్మా."

"ఏంటండీ?"

"నేను వెళ్ళలేదు. ఆ బావి టీ కొట్టు పక్కది. తలుపు కూడా టీ కొట్టుదే."

ఆమె కళ్ళజోడు తీసింది. "మరి మిగతావి?" అంది.

"అన్నీ నడిచానమ్మా!" గొంతు పెద్దదైంది. ఆ గదిలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. "అదొక్కటే. మిగతావన్నీ నడిచాను."

ఆమె నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. "చూడాలి" అంది. ఆ మాట చురుక్కున తగిలింది.

"ఒక్కటి చెయ్యండి. ఆ సమను అందాల్సిన సైకిలాయనకు కాగితం అందలేదని మీ పుస్తకంలో రాయండి. ఆయన నిజమే చెప్పాడు."

"మీరు రాసి సంతకం పెట్టాలి. మీ పింఛనుకు ఏమైనా అయితే?"

"కానివ్వండి."

నిలబడే రాశాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మిగిలింది ఆరో సమను. ఎండ దిగుతుండగా బట్టీ వెనక సందులోకి తిరిగాడు. బట్టీ లేదు, బురద లేదు. ఆ సైకిలాయన ఇంటి నంబరే ఇప్పుడు నాలుగంతస్తుల మేడ గోడ మీద ఉంది. సమనులో నంబరు పక్కన 'రెండో అంతస్తు' అని ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. కింద కాపలావాడు, "ఊరెళ్ళారండీ వాళ్ళు. పైకెందుకు, నాకిచ్చి వెళ్ళండి" అన్నాడు.

"లేదు నాయనా, నేనే వెళ్ళాలి."

మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కాడు. తాళం చూశాడు. కుంచె ముంచి నాలుగు మూలలా జిగురు రాసి, అరచేత్తో నిమిరి మరీ అంటించాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద రెండో ప్రతి పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

దీపాలు వేయడానికి వచ్చిన కాపలావాడు, పెద్దాయన గోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడనుకున్నాడు. రెండుసార్లు పిలిచాక కానీ తెలియలేదు.

మర్నాడు సంచి, ఆ రెండో ప్రతి కోర్టుకు చేరాయి. హెడ్ గుమాస్తా అందరికీ వినబడేలా చదివాడు. 'రెండో అంతస్తు. గోధుమరంగు తలుపు. తాళం వేసి ఉన్నది. కిటికీలోంచి పక్కమేడ గోడ, దాని పైన కొంచెం ఆకాశం కనబడుచున్నవి. చుట్టుపక్కల బావి లేదు. తలుపుకు అంటించాను. నేనే వచ్చాను.' ఎవరూ నవ్వలేదు. రికార్డు గది అమ్మాయి ఆ కాగితం అడిగి తీసుకుంది. పటంలో పెన్సిలుతో ఉన్న ఆ సందును అంతా చెరిపి, నిన్నటి తేదీ వేసి, సిరాతో గీసింది.

సంచిలో జిగురు డబ్బా లేదని ఎవరూ గమనించలేదు. అది రెండో అంతస్తు మెట్టు మీదే ఉంది, మూత పక్కన పెట్టి, ఆరిపోయిన జిగురులో కుంచె నిటారుగా నిలబడి.