మంచు ఆరకముందే

తెల్లవారగట్ల నాగజెముడు ముళ్ళు మెత్తగా ఉంటాయి.

మంచు వాటిని పడుకోబెడుతుంది.

ఆ ముక్క గెర్షోన్‌కు ఎన్నేళ్ళు చెప్పినా ఎక్కదు. కంచె లోపలి నేలంతా ఇప్పుడు వాడిదే. కాయ కోయడం మాత్రం రాదు.

ఎండ నడినెత్తికొచ్చాక వస్తాడు. గాలి లేస్తుంది. నూగుముళ్ళు లేస్తాయి — దుమ్ములా, కంటికి ఆనకుండా. అరచేతి నిండా దిగుతాయి. అప్పుడు బడిపిల్లాడిలా చేయి చాపుకుని షాకిర్ ముందు నిలబడతాడు.

షాకిర్ చీకటుండగానే వచ్చి ఉంటాడు, కొండ అవతలి ఊరి నుంచి. కాయ తెంపడానికి కర్ర చివర డబ్బా కట్టుకుని. ఈ కంచె అతని తాత వేసింది. లోపలి పొలమూ తాతదే — యుద్ధం వచ్చి ఊరు ఖాళీ అయ్యేదాకా.

ఇళ్ళు పోయాయి. బావి పూడిపోయింది.

నాగజెముడు పోలేదు. నరికినచోటల్లా మళ్ళీ మొలిచింది.

షాకిర్ వాళ్ళ భాషలో దానికీ, ఓర్పుకూ ఒకటే మాట. గెర్షోన్ వాళ్ళు ఇక్కడే పుట్టిన తమవాళ్ళను ఆ కాయ పేరుతోనే పిలుచుకుంటారు.

పేరు వాళ్ళకు. ఓర్పు వీళ్ళకు.

"జుట్టులో రుద్దుకో, పోతాయి" అన్నాడు షాకిర్.

గెర్షోన్ టోపీ తీశాడు. బట్టతల ఎండకు మెరిసింది. "జుట్టేదిరా?"

"పొలం తీసుకున్నారుగా. జుట్టు ఒక్కటీ ఎందుకు మిగలాలి? ఇదీ తీసుకో." షాకిర్ తల వంచాడు.

గెర్షోన్ అరచేయి ఆ నెరిసిన జుట్టులో మెల్లగా తిరిగింది. తిరిగి తిరిగి… ఆగింది.

"కంచె తీసేస్తారట. రేపు మనుషులొచ్చి కొలుస్తారు. మా ఊరి కమిటీ నిర్ణయం. బండ్లకు దారి కావాలట."

షాకిర్ తల ఎత్తలేదు.

కంచె పోతే — ఇది ఫలానావాళ్ళ పొలమని చెప్పేది ఇంకేదీ లేదు.

"నేను ఆపగలను" అన్నాడు గెర్షోన్. "ఇది నాది, ముట్టుకోవద్దు అంటే చాలు. వింటారు."

"అదే మాట నేనంటే?"

గెర్షోన్ చూపు కంచె మీదికి పోయింది. చేయి మాత్రం తీయలేదు.

"నాది అని కాపాడకు" అన్నాడు షాకిర్. "మనది అను."

"నవ్వుతారురా."

"నవ్వనీ. ముందు నా ఎదుట అను."

గెర్షోన్ పెదవులు కదిలాయి. మాట నోట్లో ముల్లులా అటూ ఇటూ తిరిగింది. పాపం, నిజంగానే ప్రయత్నించాడు.

బయటికి రాలేదు. లోపలికీ పోలేదు.

షాకిర్‌కు కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే ఇంకేదో… చల్లగా. కాయ ఒలిచి వాడి నోటికి అందించాడు.

"రేపు చీకటుండగా రా. వాళ్ళకన్నా ముందు. మంచు మీదయితే ఏదైనా తేలిగ్గా వస్తుంది."

మర్నాడు షాకిర్ వచ్చాడు.

మసక వెలుతురు. మంచు. ముళ్ళు పడుకునే ఉన్నాయి.

అవతల గట్టు మీద అడుగుల చప్పుడు — ఒకడిదో, నలుగురిదో…

కంచె లోపల తాత నేల. పద్నాలుగు దునుములు, అంటే మూడున్నర ఎకరాలు. తడిసి, మెత్తగా.