సీసం ఉండాల్సిన చోట

తప్పు నాదే. కాకపోతే నా ఒక్కడిదే అంటే మాత్రం ఊరుకోను.

ఆవిరి ఇంజన్లకు ఇంకో వారమే ఆయుష్షు అన్నప్పటి నుంచి మా షెడ్డులో ఏది అడిగినా లేదనే మాటే. బాయిలరు అడుగున, సరిగ్గా మంట పైన, సీసం పోసిన బిరడా ఒకటి ఉంటుంది. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆవిరి కిందికి దూకి మంటను ఆర్పేస్తుంది. ఇంజను ఆగుతుంది, మనుషులు బతుకుతారు. మిగిలిన ఒక్క ఇంజనుకూ ఆ బిరడా కారుతోంది. కొత్తది ఇమ్మంటే స్టోరు గుమాస్తా, "కాటికి కాళ్ళు చాపుకున్నదానికి కొత్త పళ్ళెందుకయ్యా?" అని నవ్వాడు. ఫోర్‌మన్ చూస్తే, తెల్లారేసరికి బండి కావాలని నా నెత్తినెక్కాడు. ఒళ్ళు మండి, అక్కడ మామూలు ఇనప బోల్టు బిగించి సంతకం పెట్టేశాను. ఇనుము కరగదు; నీళ్ళు తగ్గితే బాయిలరే పేలుతుంది. ముప్ఫయ్యేళ్ళు ఫిట్టరుగా చేసినవాణ్ణి, తెలిసి తెలిసి కొరివితో తల గోక్కున్నాను.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నాలుగో రోజు ఆఖరి ప్రయాణానికి డ్రైవరు మా బావే అని తెలిసింది. పరుగున స్టేషనుకు వెళ్తే, ఇంజను వెనక మొదటి పెట్టెలో మా అక్క కూర్చుని ఉంది. "నువ్వూ రారా, మీ బావ తోలే ఆఖరి బండి" అని మురిసిపోతోంది.

ఇంజనెక్కి, బొగ్గు వేసేవాడికి వినపడకుండా, బావ చెవిలో ఉన్నదంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆపేద్దాం బావా. నా ఉద్యోగం పోతే పోనీ."

"పోతే ఇంట్లో ఏం తింటారురా, మట్టా? రెండు గంటల దారి. నీళ్ళు నిండుగా పెడతాను. నువ్వు ఆ గాజుగొట్టం మీంచి కన్ను తియ్యకు."

సరే అన్నాను. బావ అలా అనేసరికి ప్రాణం లేచొచ్చింది కూడా. సిగ్గులేని ప్రాణం.

బాయిలరులో నీళ్ళు ఎంత ఉన్నాయో ఆ గొట్టమే చెప్పాలి. అలాంటివి రెండుండాలి. ఒకటి పగిలి నెలైంది, మార్చిన పాపాన పోలేదు. బండి ఊగుతుంటే గొట్టంలో నీళ్ళూ ఎగిరెగిరి పడతాయి. అలా కదులుతుంటేనే గొట్టం నిజం చెబుతున్నట్టు.

స్టేషను దాటాం. వంతెన మీద ఇంజను దడదడలాడింది. మలుపులో వెనక్కి చూస్తే అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది.

గొట్టంలో నీళ్ళు ముప్పావు వంతు ఉన్నాయి. బయలుదేరినప్పుడు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గొట్టం పూడుకుపోతే తప్ప అలా ఉండవు. అంటే బాయిలరులో నీళ్ళు ఎంత మిగిలాయో చెప్పేది ఇక ఏదీ లేదు.

బావ వైపు తిరిగాను. బావ అప్పటికే గొట్టాన్నే చూస్తున్నాడు. బొగ్గు వేసేవాడు, ఏమీ తెలియక, ఇంకో పార మంటలోకి విసిరాడు.